ఆలస్య నివారణాధికారి చార్జి అప్పగింత

మునిసిపల్ ఆఫీసు, రికార్డు గది
ఆగస్టు 2

మామయ్యకు,

సెప్టెంబరు ఇరవై అయిదున మా ఆఫీసుకు తనిఖీ ఉంది. ఆ లోపల నువ్వు నాకు ఒక్క జవాబు చెప్పకపోతే నా ఉద్యోగమూ, నేను చదివిన బడీ రెండూ పోతాయి. రెండేళ్లుగా ఉత్తరం రాయనిదాన్ని ఇప్పుడు రాస్తున్నది అందుకే. నువ్వుండే లాడ్జిలో ఫోను మేనేజరు గదిలో ఉందనీ, ఆయన వింటాడనీ నువ్వే అన్నావు కాబట్టి ఫోను చేయలేదు.

నాలుగు నెలల క్రితం నాకు ఇక్కడ గుమాస్తా పని దొరికిందని అమ్మ చెప్పించే ఉంటుంది. తనిఖీకి ముందు పాత ఫైళ్లన్నీ వరుసలో పెట్టమని నన్ను రికార్డు గదిలోకి పంపారు. నిన్న మా బడి ఫైలు చేతికొచ్చింది. రైలు గేటుకు ఇవతల ఉన్న మన వీధి బడి. అది రాకముందు అక్కలంతా గేటు దాటి చదువుకోబోయి, గేటు పడితే మధ్యాహ్నానికి చేరి, చివరికి మానేశారు. ఆ బడి వచ్చింది కాబట్టి మన ఇంట్లో మొదటిసారి ఒక మనిషి చదువుకుంది. అది నేను.

ఫైలు అట్టడుగున అరకాగితం చీటీ ఉంది. "గేటుకు ఇవతల ఆడపిల్లలకు బడి కావాలి" అని ఎవరో నీలం సిరాతో రాశారు. కింద ఎర్ర సిరాతో, "వెంటనే జరుగవలెను. ఈ కాగితం చదివినవారు పని అయ్యేవరకు కూర్చోరాదు." గుండ్రటి ముద్ర: ఆలస్య నివారణాధికారి. ఆ పైన తేలు తోకలాంటి సంతకం.

ఆ చీటీ మీద పదహారేళ్ల క్రితం ఈ ఆఫీసంతా నడిచింది, మామయ్యా. ఒక గుమాస్తా "నిలబడే చదివితిని" అని రాసి పొట్టి సంతకం పెట్టాడు. ఆయన పైవాడు "నేనును నిలబడే" అన్నాడు. ఇంజనీరు "నిలబడియే స్థలము కొలిచితిని" అని రాశాడు. మొత్తం ముప్పై ఒక్క మంది నిలబడ్డారు. పందొమ్మిది రోజుల్లో బడి మంజూరైంది. మా ఆఫీసులో పందొమ్మిది రోజుల్లో పగిలిన కిటికీ అద్దం కూడా మారదు.

హెడ్ గుమాస్తా గారిని అడిగాను, "ఎవరండీ ఈ ఆలస్య నివారణాధికారి?" అని.

"అమ్మో, ఆయనా! పులి!" అన్నారు. "కుర్చీలో కూర్చోనిచ్చేవాడా మమ్మల్ని?"

"ఏ గదిలో ఉండేవారండీ?"

"పులి గదిలో ఉంటుందా అమ్మా?"

అసలు చిక్కు ఇది. సంతకం పెట్టిన ప్రతి అధికారీ వెళ్లేటప్పుడు చార్జి అప్పగించిన కాగితం ఉండాలి. ఈయనది లేదు. అది లేకపోతే ఆయన ఇచ్చిన ఉత్తర్వులన్నీ చెల్లనివాటి కింద రాస్తారట. లేని అధికారి తెరిచిన బడి లేనట్టే. ఆ బడి ఇచ్చిన సర్టిఫికెట్లూ లేనట్టే. అందులో మొదటిది నాది.

ఆ తేలు తోక నేను ఎరుగుదును. ఆరేళ్లప్పుడు నువ్వు కొనిచ్చిన పలక చెక్క మీద అదే ఉంది. ఆ సంతకం నీదా, కాదా?

ఇట్లు,
నీ మేనకోడలు


లాడ్జి, గది నంబరు 9
ఆగస్టు 11

పంతులమ్మకు,

నీ ఉత్తరం నిలబడే చదివాను. కూర్చుందామంటే కుర్చీ మీద తడి చొక్కా ఉంది.

ముందు నా క్షేమం. ఫ్యాన్ల కంపెనీకి కరపత్రాలు రాస్తున్నాను. పెట్టెలో ఫ్యానుతో పాటు మడతపెట్టి పెడతారే, ఎవరూ చదవరే, అవి. "ఫ్యాను తిరుగుచుండగా రెక్కలను చేతితో ఆపరాదు." ఇది నాదే. ఇరవై ఏళ్లు నాటకాలు రాసి, వేషాలు వేసి, ఊరూరా జనాన్ని నవ్వించినవాడు చివరికి ఇక్కడ తేలాడని జాలిపడకు. ఈ రచనలో గొప్ప సుఖముంది. రాసింది రాసినట్టే ఉంటుంది, లేచి నడిచి రాదు.

సంతకం సంగతి. అది నాది కాదు, వేషానిది. ఆ నాటకం నువ్వు చూడలేదు, చిన్నదానివి. ఆలస్య నివారణాధికారి అనే ఉద్యోగం ఎక్కడా లేదు, నేనే కల్పించాను. ఆయన ప్రతి ఆటలోనూ నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. అప్పటిదాకా తక్కిన పాత్రలన్నీ ఆయన కోసం చూస్తూ నిలబడే ఉంటాయి. చివరి అంకానికి నేను ఏమీ రాసేవాణ్ణి కాదు. జనం చీటీల మీద కోరికలు రాసి పైకి పంపేవారు. నేను ఒక్కోటీ చదివి, అప్పటికప్పుడు ఉత్తర్వు వేసి, ముద్ర గుద్ది తిరిగి ఇచ్చేవాణ్ణి. ఒకాయన "మా ఆవిడ నా మాట వినాలి" అని రాస్తే "పై అధికారికి ఉత్తర్వులివ్వడం నా పరిధిలో లేదు" అని ముద్ర కొట్టాను. హాలంతా నవ్వులతో దద్దరిల్లింది.

ఆ చీటీల్లో ఒకటి మీ ఫైల్లోకి ఎలా దూరిందో నాకేం తెలుసు? గుర్తులేదు. రికార్డు గదిలో ఎలుకలు ఉండవా? అవి బాగా చదువుకున్న జీవాలు. ఆ ఫైలు వాటికి అప్పగించు.

నీ మామయ్య


మునిసిపల్ ఆఫీసు, రికార్డు గది
ఆగస్టు 20

మామయ్యకు,

ఎలుకలు ఉన్నాయి. ఫైలు మాత్రం వాటికి ఇవ్వను. ఆ బడిలో ఇప్పుడు రెండొందల పన్నెండు మంది ఆడపిల్లలున్నారు. ఫైలు పోతే బడి పునాదే పోతుంది.

నేను అబద్ధం చెప్పలేను. అందుకని సోమవారం హెడ్ గుమాస్తా గారి దగ్గరికెళ్లి నిజం చెప్పేశాను. "సార్, ఆ అధికారి లేడు. అది నాటకంలో వేషం. వేసింది మా మామయ్య."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "చూడమ్మా," అన్నారు, "నేను ఆయన కింద పని నేర్చుకున్నాను. ఆయన లేడంటే నాకు పని రాదనే కదా అర్థం?"

ఇక ఆఫీసులో ఒక్కొక్కరికీ ఆయన గుర్తొస్తున్నాడు. లేడని చెప్పాలంటే, లేనివాడు చెబితే ముప్పై ఒక్క మంది లేచి నిలబడ్డామని ఒప్పుకోవాలి. దానికి ఎవరూ సిద్ధంగా లేరు. టైపిస్టుకు ఆయన గొంతు గుర్తుందట. అటెండరు ఒక కుర్చీ తెచ్చి, "ఇది ఆయన కూర్చోని కుర్చీ" అని తుడిచి పెట్టాడు. డ్రాఫ్ట్స్‌మన్ గారైతే తన సెలవు చీటీ ఆయన దగ్గరే పదహారేళ్లుగా ఆగిపోయిందని నాతో పోట్లాడారు. "మీ మామయ్యే కదా? అడిగి చెప్పు. ఆ సెలవు నేను వాడేసుకున్నాను కూడా."

నిన్న వీడ్కోలు సభ పెట్టాలని తీర్మానించారు. గోడ గడియారం ఇద్దామని ఒకరు, ఆలస్య నివారణాధికారికి గడియారం ఇస్తే ఎత్తిపొడిచినట్టు ఉంటుందని ఇంకొకరు. గంటన్నర వాదించారు. నిలబడే.

మామయ్యా, దారి ఒక్కటే. ఇరవై అయిదున నువ్వు నాటకంలో ఆ అధికారికి వేసిన కోటు వేసుకుని వచ్చి తనిఖీ అధికారిణి ముందు చార్జి అప్పగించు. కోటు మా ట్రంకుపెట్టెలో ఉంది. ఆవిడ నువ్వెవరని నన్ను అడిగితే మాత్రం నిజమే చెబుతాను. అడగకపోతే చెప్పను. ఇంతకంటే నేను దిగలేను.

ఇంకో మాట. ఆ చీటీ గుర్తులేదన్నావు. బడి తెరిచిన రోజు నువ్వు వచ్చి వెనక గోడ దగ్గర నిలబడ్డావనీ, అన్నానికి ఆగకుండా వెళ్లిపోయావనీ అమ్మ చెప్పింది. గుర్తులేని చీటీ తెరిచిన బడికి ఎందుకొచ్చావు?

నీ మేనకోడలు


లాడ్జి, గది నంబరు 9
సెప్టెంబరు 1

అమ్మడూ,

నిన్ను చదివించడం పొరపాటైంది. సరే, విను.

గుర్తుంది. ఆ చీటీ మీ అమ్మ ఇచ్చింది. పక్కింటివాళ్లతో రాయించి, మూడో వరసలోంచి చెయ్యెత్తి పైకి పంపింది. మా అక్క కదా అని గట్టిగా ముద్ర గుద్ది, "కూర్చోరాదు" అన్న మాట అప్పటికప్పుడు కలిపాను. జనం చప్పట్లు కొట్టారు. అక్క నవ్వలేదు. చీటీ మడిచి కొంగున ముడివేసుకుంది. మర్నాడు దాన్ని పట్టుకెళ్లి మీ ఆఫీసు కిటికీలో ఇచ్చిందట. నన్ను నిజం ఆఫీసరునే అనుకుంది, పిచ్చిది! అక్షరం రాని మనిషి, కోటు చూసి నమ్మేసింది. వీధంతా "మా తమ్ముడు ఆఫీసరు" అని చెప్పుకుంది. నీ తమ్ముడు వేషగాడే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఈ సంగతి ఆమెకు ఇప్పుడు కూడా తెలియనివ్వకు.

బడి తెరిచిన రోజు శిలాఫలకం చూశాను. అందులో "ఆలస్య నివారణాధికారి వారి ఆదేశానుసారము" అని చెక్కారు. నా జీవితంలో అంత పెద్ద జోకు మళ్లీ రాయలేదు. దాని ముందు నిలబడి నేను నవ్వలేకపోయాను. భయమేసింది. తర్వాత, క్యూలో నిలబడటానికి అనుమతి చీటీ కావాలనే నాటిక రాశాను. మూడు నెలల్లో ఒక ఆసుపత్రి తలుపు మీద అదే నోటీసు కనబడింది. ఇక కలం మూసేశాను. వెక్కిరిద్దామని రాస్తే వాళ్లు ఆచరించేస్తున్నారు. వ్యంగ్యం రాసేవాడికి ఇంతకంటే అవమానం ఉందా?

నేను రాలేను. ఎందుకో చెబుతాను. వచ్చి ఆ వేషం వేసినప్పుడు ఒక్కరు నవ్వినా అది నాటకమని తేలిపోతుంది, నీ బడి పోతుంది. ఒక్కరూ నవ్వకపోతే నేను పోతాను. నవ్వించడం తప్ప ఏమీ రానివాణ్ణి, నవ్వురాకుండా ఆ వేషం ఎలా వేయను? పదిహేనేళ్లుగా, నేనింకా నవ్వించగలనేమో అన్న అనుమానం ఒక్కటి దాచుకుని బతుకుతున్నాను. దాన్ని తెచ్చి మీ ఆఫీసు బల్ల మీద పెట్టమంటున్నావు.

రాలేనమ్మా.

మామయ్య


ఇల్లు
సెప్టెంబరు 8

మామయ్యకు,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. తెలియనివ్వకు అన్న ముక్కతో సహా. క్షమించు. ఇంట్లో చదవగలిగేది నేనొక్కదాన్నే అయినప్పుడు, చదివినదాంట్లో కొంత మింగడం మొదలుపెడితే ఇక అంతా మింగుతాను. ఇకనుంచి అమ్మ మాటలు. ఒక్క అక్షరం మార్చకుండా రాయమంది.

"ఒరేయ్ తమ్ముడూ. నన్ను పిచ్చిదాన్ని అన్నావంట. నువ్వేంటో నాకు తెలీదా? నీకు ముక్కు తుడిచిందాన్ని. ఆ కోటు పాతబట్టల మూటలోంచి తీసి, నీ కొలతకు తగ్గించి, బొత్తాలు కుట్టింది నేను. నేను కుట్టిన కోటు చూసి నేనే ఆఫీసరనుకుంటానా? అదేందే, ఏం రాస్తన్నావ్? రాయి రాయి, అదీ రాయి.

"నాకు నువ్వూ తెలుసు, ఆఫీసూ తెలుసు. అంతకుముందు ఆ కిటికీ కాడికి పదకొండుసార్లు పోయాను. పదకొండుసార్లూ 'కాగితం మీద ముద్రేది?' అన్నారు గానీ, 'ఏం కావాలమ్మా' అన్న మనిషి లేడు. వాళ్లు మొహం చూడరు, ముద్ర చూస్తారు. నీ దగ్గర ముద్ర ఉంది. అంతే. ఆ రోజు అందరూ నవ్వారు, నేను నవ్వలేదంటున్నావు. నవ్వితే చీటీ చేతిలోంచి జారిపోద్దని పళ్లు కరుచుకు కూర్చున్నా. ఇంటికొచ్చి దిండులో మొహం పెట్టుకుని నవ్వాను. నీ బావ పక్కిల్లంతా లేపాడు, దీనికేదో అయిందని.

"వీధిలో నువ్వు ఆఫీసరని చెప్పుకున్నానంటే, చెప్పుకోనా మరి? వేషగాడు తెచ్చిన బడి అంటే పిల్లల్ని పంపుతారా ఎవరైనా?

"నీ పరువు బల్ల మీద పెట్టమన్నామని ఏడుస్తన్నావు. నా కూతురి చదువు పదహారేళ్లుగా ఆ బల్ల మీదే ఉంది. రా. కోటు ఎండలో వేశాను. చంకలో పిగిలింది, కుట్టాను. నువ్వు లావయ్యావా? లావైతే ముందే చెప్పించు."

ఇంతవరకూ అమ్మ చెప్పింది. నేను కలిపేది ఏమీ లేదు.

నీ మేనకోడలు


లాడ్జి, గది నంబరు 9
సెప్టెంబరు 14
(కార్డు)

లావయ్యాను. రెండంగుళాలు. కోటు ఇస్త్రీ చేయవద్దని అక్కతో చెప్పు, ఆ అధికారికి ఇస్త్రీ పడదు. నేను నలభై నిమిషాలు ఆలస్యంగా వస్తాను. వేషానికి అది తప్పదు. ఎవరైనా నవ్వబోతే కాలు తొక్కు.

మామయ్య


మునిసిపల్ ఆఫీసు, రికార్డు గది
అక్టోబరు 4

మామయ్యకు,

నేను వెంటనే రాయాల్సిన ఉత్తరం ఇది. తొమ్మిది రోజులు ఆలస్యమైంది. రెండు ఉత్తరాలు సగం రాసి చింపేశాను, ఎందుకంటే రాస్తుంటే నవ్వొచ్చి సిరా పడింది. నువ్వు మాత్రం ఆ రోజు మెట్ల మీద "నీ బడి బతికింది, నేను పోయానమ్మా" అని వీడ్కోలుకు వాళ్లిచ్చిన గడియారం చంకలో పెట్టుకుని రైలుకు వెళ్లిపోయావు. నువ్వు వెళ్లాక జరిగింది నీకు తెలియదు. అది చెప్పాలి.

నువ్వు ఉన్నంతసేపూ ఏం జరిగిందో నీకు తెలుసు. కానీ నువ్వు బల్ల వైపే చూస్తున్నావు, నేను మనుషుల్ని చూస్తున్నాను. తనిఖీ మేడం "ఆలస్యమెందుకైంది?" అంటే నువ్వు "ఆలస్యం దారిలో ఎదురైందండి. నివారిస్తూ ఉండిపోయాను" అన్నావు. ఆవిడ తలెత్తకుండా "కారణం సమంజసం" అని రాసుకున్నారు. "అప్పగించే సామాను?" అంటే "ముద్ర ఒకటి, ఎర్ర సిరా సీసా ఒకటి, పెండింగులో ఉన్న ఆలస్యాలు" అన్నావు. "ఎన్ని?" అన్నారు. "సిబ్బంది అందరి దగ్గరా కొన్ని కొన్ని ఉన్నాయండి, తలా కొంచెం పెట్టి వెళ్లాను" అన్నావు. అప్పుడు టైపిస్టు వంగి, లేని పిన్ను ఒకటి నేల మీద వెతకడం మొదలుపెట్టింది. చాలాసేపు వెతికింది. డ్రాఫ్ట్స్‌మన్ గారు సెలవు చీటీ ఇవ్వబోయి, దాన్నే నోట్లో కుక్కుకున్నారు. నేను ఎవరి కాలూ తొక్కలేదు. నా కాలు నేనే తొక్కుకున్నాను.

తర్వాత ఆవిడ నావైపు తిరిగి, "ఈయన నీకేమవుతారు?" అన్నారు కదా. "మా మామయ్యండీ" అన్నాను. "ఏం చేస్తుంటారు?" అన్నారు. అబద్ధం చెప్పలేనని నీకు ముందే రాశాను. "నాటకాలు రాస్తారండీ, వేస్తారు" అన్నాను. ఆవిడ "ఆఫీసుల్లో ఉన్నవాళ్లం అందరం వేసేదే. అది ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. చార్జి కాగితం ఏది?" అన్నారు. నువ్వు సంతకం పెట్టావు. అదే తేలు తోక. రైలుకు వేళైందని లేచావు.

ఇకనుంచి నీకు తెలియనిది.

నీ చెప్పుల చప్పుడు మెట్లు దిగేదాకా ఎవరూ కదల్లేదు. హెడ్ గుమాస్తా గారి భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఆయనకు ఏదో అయిందనుకుని నేను నీళ్లు తేబోయాను. మేడం ఎడమచెయ్యి పైకెత్తారు.

"ఆగండి," అన్నారు. "ఇంకా నా సంతకం కాలేదు."

అందరూ ఆగారు. ఆవిడ సంతకం పెట్టారు. తేదీ వేశారు. "తడి ఆరనివ్వండి" అన్నారు. అటెండరు పరుగెత్తి ఫ్యాను స్విచ్చి వేశాడు. ముప్పై మందిమి ఆ కాగితం చుట్టూ చేరి, ఊపిరి బిగపట్టి సిరా ఆరడం చూస్తున్నాం. మేడం వేలితో తాకి చూసుకున్నారు. కలానికి మూత పెట్టారు. "ఇక కానివ్వండి" అన్నారు.

మొదట నవ్వింది ఆవిడే, మామయ్యా. బల్ల మీద తలపెట్టి నవ్వారు. "తలా కొంచెం పెట్టి వెళ్లాడట!" అంటూ. హెడ్ గుమాస్తా గారు ఫైళ్లతో సహా నేల మీద కూలబడ్డారు. డ్రాఫ్ట్స్‌మన్ గారి నోట్లోంచి చీటీ ముక్కలు వచ్చాయి. పక్క సెక్షను వాళ్లు మంటలంటుకున్నాయని బకెట్లతో వచ్చారు. కారణం చెబితే, బకెట్లు దింపి వాళ్లూ మొదలుపెట్టారు. మధ్యాహ్నం దాకా ఏ కిటికీ తెరవలేదు. అది కూడా నీ పెండింగు ఖాతాలోకే వేశారు.

కాస్త తేరుకున్నాక హెడ్ గుమాస్తా గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆ నాటకం ఆయన ఏడుసార్లు చూశారట. పదహారేళ్ల క్రితం ఆ కిటికీలో కూర్చున్నది ఆయనేనట. అమ్మ చీటీ ఇవ్వగానే అదేంటో గుర్తుపట్టారట. "మీ అమ్మ మొహంలోకి చూశానమ్మా. ఆమె నవ్వలేదు. ఆమె నవ్వకపోతే నేనెవర్ని నవ్వడానికి? లేచి నిలబడి 'నిలబడే చదివితిని' అని రాసి పైకి పంపాను. మా పైవాడు కాగితం చూశాడు, నన్ను చూశాడు, లేచి నిలబడ్డాడు. ఎవరు నవ్వినా కాగితం చచ్చిపోతుందని అందరికీ తెలుసు. పదహారేళ్లు బిగపట్టాం." అంతా చెప్పి, మళ్లీ కళ్లజోడు తుడుచుకున్నారు.

నువ్వు వెక్కిరిస్తే వాళ్లు అర్థం కాక ఆచరించారని కదా కలం మూశావు. అర్థమయ్యే ఆచరించారు, మామయ్యా. ఆసుపత్రి నోటీసు సంగతి నాకు తెలియదు. ఈ ఒక్కదానికి మాత్రం నేను హామీ.

ఇప్పుడు పని సంగతి రెండు ముక్కలు. నువ్వు చార్జి సక్రమంగా అప్పగించావు కాబట్టి ఆ ఉద్యోగం ఇప్పుడు నిజంగా ఖాళీ అయింది. ఖాళీ ఉంటే నింపాలని పైనుంచి కాగితం వచ్చింది. ఆ అధికారి విధులేమిటో ఎవరికీ తెలియదు. "తెలిసినవారిని అడిగి జాబితా తయారుచేయవలెను" అని నా మీద రాశారు. తెలిసినవాడివి నువ్వొక్కడివే.

రెండోది. నవంబరు పదిహేనున బడి హాల్లో ఆట పెట్టమని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు. రెండొందల పన్నెండు మంది పిల్లలు చీటీలు అప్పుడే రాసి పెట్టుకున్నారు. వాళ్లకు బిగపట్టడం రాదు. అమ్మ ఈసారి ముందు వరసలో కూర్చుంటుందట. దిండు తెచ్చుకోదట. పాత ఆట కాదు, కొత్తది రాయి. అధికారి వెళ్లిపోయాక ఆ కుర్చీ ఏమైందో నాకే తెలుసుకోవాలని ఉంది.

ఫ్యాన్ల కంపెనీకి ఏం చెబుతావో నాకు తెలియదు. ఆ రోజు తిరిగిన ఫ్యాను వాళ్లదే. రెక్కలను ఎవరూ చేత్తో ఆపలేదు.

వస్తావో రావో అక్టోబరు ఇరవయ్యో తేదీలోగా రాయి. ముద్ర, ఎర్ర సిరా సీసా ఇప్పుడు నా బీరువాలో ఉన్నాయి, నువ్వు వేరేవి తేనక్కర్లేదు. ఈ ఉత్తరం మాత్రం కూర్చునే చదువుకో.

నీ మేనకోడలు